పడవ కట్టడం అంటే కట్టడమే

మొన్న ఆదివారం ఉదయం 11 గంటల 5 నిమిషాలకు మా రెండు దోనెల పడవ నేల వదిలింది. అప్పుడు నేను ఎడమ దోనె వెనక భాగం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాను. అంతవరకూ రాయిలా కదలకుండా ఉన్న చెక్క నా చేతి కింద మెల్లగా ఊగింది. "అన్నయ్యా, తేలింది" అన్నాను. అన్నయ్యకు వినబడలేదు. కుడి దోనె ముక్కు దగ్గర తొడల లోతు నీళ్లలో వంగి, ఇంకా తాళ్లే చూస్తున్నాడు.

కట్టడానికి మూడేళ్ల రెండు నెలలు పట్టింది. శని, ఆదివారాలు, కొన్ని సెలవు రోజులు. ప్లాన్ పడవల డిజైనర్ జేమ్స్ వారమ్ గీసిన టికీ 21 అనే కాటమరాన్, అంటే రెండు దోనెలు కలిపిన పడవ. పొడవు 6.4 మీటర్లు, వెడల్పు 3.6 మీటర్లు. 1955-56లో ఆయన తను సొంతంగా కట్టుకున్న 7 మీటర్ల పడవలో ఇద్దరు స్నేహితురాళ్లతో అట్లాంటిక్ దాటారు. ఆ తర్వాత జీవితమంతా మామూలు మనుషులు ఇంట్లో కట్టుకోగలిగే పడవలే గీశారు. 2021లో చనిపోయారు. ఈ టికీ 21తోనే రోరీ మెక్‌డూగల్ అనే నావికుడు 1991 నుంచి 1997 దాకా ప్రపంచం చుట్టి వచ్చారు. మాకు అంత దూరం వెళ్లే ఆలోచన లేదు. కానీ ఇంత చిన్న పడవ అంత తట్టుకుందని తెలిశాక, ప్లైవుడ్ మందం 6 మిల్లీమీటర్లే అన్న భయం నాకు పోయింది.

ప్లాన్‌లో "హల్" అని ఉంటుంది కానీ మేం మొదటి రోజు నుంచీ దోనె అనే అన్నాం. కుడి దోనె అన్నయ్యది, ఎడమ దోనె నాది. అలా పంచుకోవాలని ముందు అనుకోలేదు. ప్లైవుడ్ పలకలు కోసి, అంచుల వెంట చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, రాగి తీగతో కుట్టడం మొదలుపెట్టినప్పుడు ఎవరి వైపు వాళ్లం కూర్చున్నాం, అది అలాగే ఉండిపోయింది. కుట్టిన అంచుల లోపలి మూలల్లో చెక్కపొడి కలిపిన ఎపాక్సీ జిగురు నింపాలి. పుల్లతో పైకి లాగితే ముద్ద అలాగే నిలబడాలి, జారకూడదు. ఆ చిక్కదనం చేతికి తెలియడానికి నాకు నెల పట్టింది. ఒకసారి ఎక్కువ కలిపి డబ్బాలోనే ఉంచేశాను. పది నిమిషాల్లో పొగలు కక్కింది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడికి బయటికి దారి ఉండదు. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పలచగా పరచాలి. ఎవరైనా మొదలుపెడుతుంటే నేను చెప్పే మొదటి మాట ఇదే.

దోనెలు చేయడం గురించి ఇంక చెప్పను. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. రెండు దోనెలు పూర్తయ్యాయి, వాటి మీద అడ్డంగా వేసే మూడు దూలాలు పూర్తయ్యాయి, తెరచాప స్తంభం, చుక్కానులు, మధ్యలో వేసే డెక్ పలకలు అన్నీ పూర్తయ్యాయి. కానీ షెడ్డులో పడవ లేదు. సామాను ఉంది. దోనెని ఒక్కదాన్నే నీళ్లలో పెడితే పక్కకి ఒరిగిపోతుంది, దానిమీద మనిషి నిలబడలేడు. రెండింటినీ దూరంగా ఉంచి కలిపితేనే అది పడవ.

కలిపేది తాడు. ఈ ప్లాన్‌లో దూలాలకూ దోనెలకూ మధ్య ఒక్క బోల్టు కూడా లేదు. మొదట్లో నాకు ఇది నచ్చలేదు. తాడుతో కట్టిన పడవ మీద సముద్రంలోకి వెళ్లడమేంటి అనుకున్నాను. అన్నయ్య కూర్చోబెట్టి చెప్పాడు. బోల్టు వేస్తే, అల తాకిన ప్రతిసారీ వచ్చే ఒత్తిడంతా ఆ రంధ్రం అంచు మీదే పడుతుంది. అక్కడి చెక్క మెల్లగా నలిగి, రంధ్రం పెద్దదై, నీరు లోపలికి వెళ్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టయినా గాలి తగలని తడి రంధ్రంలో ఉంటే తుప్పు పడుతుంది, బయటికి మాత్రం మెరుస్తూనే ఉంటుంది. తాడు అలా కాదు. కొంచెం ఇస్తుంది. రెండు దోనెలు రెండు అలల మీద ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి కదలికను తనే భరిస్తుంది. పాడైతే కంటికి కనబడుతుంది, మార్చడం తేలిక.

ఆ రోజు నుంచి ఒక మాట నా మనసులో తిరుగుతూనే ఉంది. మనం ఇల్లు కడతాం, పడవ కడతాం, మూట కడతాం. అన్నిటికీ ఒకటే మాట. కాటమరాన్ అన్న పేరు కూడా తమిళంలోని కట్టుమరం నుంచి వెళ్లిందే. కట్టిన మాను అని. అది దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించిన తెప్ప. రెండు దోనెల పడవ పసిఫిక్ దీవుల వాళ్లది. యూరప్ వాళ్లు తెప్ప పేరు తీసుకెళ్లి దానికి పెట్టారు. పేరు ఒక సముద్రానిది, పడవ ఇంకో సముద్రానిది. రెండింట్లోనూ చెక్కను చెక్కతో కలిపింది మాత్రం తాడే.

నీళ్ల దగ్గరికి వెళ్లకముందే ఖాళీ స్థలంలో ఒకసారి మొత్తం కట్టి చూడాలని పట్టుబట్టింది నేనే. ఆ పని చేయకపోయి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. రెండు దోనెలనూ దిమ్మల మీద పెట్టి, తాపీవాళ్లు వాడే నీళ్ల ట్యూబుతో లెవెల్ చూశాం. దూలాలు వాటి పీఠాల్లో కూర్చోబెట్టాం. ముందు వెడల్పు, వెనక వెడల్పు కొలిచాం. మిల్లీమీటరు తేడా లేదు. ఇంక అయిపోయిందని వదిన టేపు చుట్టేయబోయింది. మూల నుంచి మూలకి కూడా చూద్దామన్నాను. ఎడమ ముక్కు నుంచి కుడి వెనకకి ఒక కొలత, కుడి ముక్కు నుంచి ఎడమ వెనకకి ఒక కొలత. రెండూ 7 మీటర్ల పైచిలుకే. తేడా 38 మిల్లీమీటర్లు.

మూడుసార్లు కొలిచాం. అదే తేడా.

ముందు వెనక వెడల్పులు సమానంగా ఉండి మూలల కొలతలు తేడా వచ్చాయంటే, దోనెలు సమాంతరంగానే ఉన్నాయి కానీ ఒకటి ఇంకోదానికంటే ముందుకు జరిగి ఉందని అర్థం. కాగితం మీద లెక్క వేస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు వచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో ఆ 21 అనే అంకే చెప్పింది. దోనె లోపలి అడ్డగోడ ప్లైవుడ్ 9 మిల్లీమీటర్లు, దానికి అంటించిన బద్ద 12. అన్నయ్య దూలాల పీఠాలకు కొలత గోడ ముందు ముఖం నుంచి తీసుకున్నాడు. నేను బద్ద వెనక నుంచి తీసుకున్నాను. ప్లాన్‌లో ఉన్నది అన్నయ్య తీసుకున్నదే. నా దోనె మీద మూడు పీఠాలూ 21 మిల్లీమీటర్లు వెనక ఉన్నాయి.

ఏడుపొచ్చింది. అన్నయ్య ఒక్క మాట అనలేదు. "ఉలి తీసుకురా అమ్మడూ, ఒకవైపు చెక్కుదాం, ఒకవైపు అంటిద్దాం" అన్నాడంతే. రెండు వారాంతాలు పట్టింది. అతికించిన చోట ఇప్పుడు రంగు కింద ఏమీ కనబడదు, కానీ నా వేలికి ఆ గీత తెలుస్తుంది.

నీళ్లలోకి దించే రోజు కోసం ఆటుపోట్ల పట్టిక ముందేసుకుని చాలా ఆలోచించాం. మాకు క్రేను లేదు, అంత వెడల్పు పడవని కట్టేశాక ట్రెయిలరు మీద తీసుకెళ్లలేం. అందుకని ఆటు సమయంలో, నీరు తీసిన ఇసుక మీదే పడవ కట్టాలి. పోటు వచ్చి దానంతట అదే ఎత్తాలి. పౌర్ణమి, అమావాస్యల తర్వాత పోటు బాగా పెద్దది, కానీ సరిగ్గా అతి పెద్ద పోటు రోజున పెట్టుకోకూడదు. ఏదైనా అడ్డంపడి పడవ తేలకపోతే మర్నాటి నుంచి పోటు తగ్గుతూ వస్తుంది, పడవ ఇసుక మీదే మిగిలిపోతుంది. పోటు ఇంకా పెరుగుతున్న రోజుల్లో పెట్టుకుంటే, ఇవాళ కాకపోతే రేపు ఇంకా ఎత్తుకి నీళ్లొస్తాయి.

ఆ ఆదివారం ఆటు 6 గంటల 10 నిమిషాలకు. తెల్లవారుజామున 5కే టార్చి దీపాలు పెట్టుకుని మొదలుపెట్టాం. ఆటు నుంచి పోటుకు కాస్త అటూఇటూగా ఆరు గంటల పన్నెండు నిమిషాలు. నీరు ఒకే వేగంతో రాదు. మొదటి గంటలో మొత్తం ఎత్తులో పన్నెండో వంతే లేస్తుంది, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు. అంటే మొదట్లో చాలా టైముందనిపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. 10 గంటల ప్రాంతంలో నీళ్లు దోనెల్ని తాకుతాయని లెక్క వేసుకున్నాం.

కట్టడం ఇలా. 6 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు, నైలాన్ కాదు, నైలాన్ సాగుతుంది. దూలం మీదుగా, దోనెకున్న కట్టు చెక్క కిందుగా ఆరు నిలువు చుట్లు. ప్రతి చుట్టూ సుత్తి కామకి చుట్టి, కాలు ఆన్చి లాగాలి. తర్వాత ఆ నిలువు చుట్ల నడుమును పట్టి అడ్డంగా మూడు చుట్లు. అసలు బిగువంతా ఈ అడ్డ చుట్ల వల్లే వస్తుంది. బాగా లాగి ఉన్న తాడుని మధ్యలో పక్కకి నొక్కితే, చేతి బలానికి ఎన్నో రెట్ల బిగువు తాడులో పుడుతుంది. అడ్డ చుట్లు పడ్డాక వేలితో మీటితే తాడు మోగాలి. అన్నయ్య ఒక్కో కట్టునీ మీటి, చెవి దగ్గరగా ఆన్చి విని, తల ఊపేవాడు. మొత్తం ఆరు కట్లు. మూడో దూలం అయ్యేసరికి నా అరచేతులు రెండూ పొంగిపోయాయి.

స్తంభం నిలబెట్టడానికి ముగ్గురం కావాల్సి వచ్చింది. వదిన ముందు తాడు పట్టుకుని లాగుతూ, "ఏవండీ, మీ వైపు వదులుగా ఉంది" అని అరుస్తుంటే, అన్నయ్య పక్క తాడు సరిచేశాడు. అప్పటికి 9 గంటల 40 నిమిషాలు. నీళ్లు పది అడుగుల దూరంలో ఉన్నాయి.

చివరిసారి మూలల కొలత తీశాను. తేడా 4 మిల్లీమీటర్లు. చాలనుకున్నాం.

తర్వాత చేయడానికేమీ లేదు. నీళ్లు రావాలి, మేం నిలబడాలి. ముందు ఒక సన్నని నురుగు గీత దోనెల కిందికి జారి వెనక్కి వెళ్లింది. తర్వాత వెళ్లలేదు. చీలమండలు, పిక్కలు, మోకాళ్లు. లంగరు ముందే లోతు వైపు వేసి ఉంచాం, పడవ తేలగానే ఒడ్డు వైపు కొట్టుకుపోకుండా.

తేలిన తర్వాత నాకున్న టెన్షన్ రెండు విషయాలు. ఒకటి, నా దోనె అన్నయ్య దోనె కంటే 6 కిలోలు ఎక్కువ బరువు. ఎపాక్సీ ధారాళంగా పోసిన ఫలితం. పడవ ఒక వైపు ఒరుగుతుందేమోనని నెలల తరబడి భయపడ్డాను. నీటి గీత దగ్గర మా ఒక్కో దోనె సెంటీమీటరు మునగాలంటే దాదాపు 20 కిలోలు పెట్టాలి. అంటే 6 కిలోలకి 3 మిల్లీమీటర్లు. చూస్తే ఏ తేడా లేదు. రెండు దోనెల మీదా రంగు గీతలు నీటిపైన సమానంగా ఉన్నాయి.

రెండోది, కారడం. మూతలు తీసి లోపల టార్చి వేసి, అడుగంతా అరచేత్తో తడిమాను. కుడి దోనె పొడిగా ఉంది. ఎడమ దాంట్లో, వెనక గదిలో, చేతికి తడి తగిలింది. ఒక చారెడు నీళ్లుంటాయి. గొంతు ఎండిపోయింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు! వారం క్రితం కడిగినప్పటి నీళ్లు మూలలో నిలిచి ఉన్నాయి. గుడ్డతో తుడిచి, అరగంట తర్వాత మళ్లీ తడిమి చూశాను. పొడిగా ఉంది.

గాలి మెల్లగా ఉంది. తెరచాప ఎత్తగానే పడవ ఏ హడావుడీ లేకుండా ముందుకు కదిలింది. సన్నటి దోనెలు నీటిని కోస్తుంటే పెద్ద అల లేవదు, వెనక రెండు గీతలు మాత్రం మిగులుతాయి. దిశ మార్చేటప్పుడే కష్టమైంది. బరువు తక్కువ కాబట్టి గాలికి ఎదురు తిరిగే లోపే వేగం పోయి నిలిచిపోయేది. మూడుసార్లు అలాగే అయింది. నాలుగోసారి అన్నయ్య ముందు తెరచాపని వెంటనే వదలకుండా పాత వైపే పట్టి ఉంచాడు. గాలి దాన్ని వెనక నుంచి నెట్టి ముక్కుని తిప్పేసింది. తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు.

నేను డెక్ మీద బోర్లా పడుకుని ముందు దూలం కట్టు మీద వేళ్లు పెట్టి చాలాసేపు ఉన్నాను. అల వచ్చినప్పుడల్లా తాడు సన్నగా కిర్రుమంటుంది. దోనె వెంట్రుకవాసి కదులుతుంది, మళ్లీ తన చోటికి వస్తుంది.

గంట తర్వాత తిరిగొచ్చి లంగరు వేశాక ఆరు కట్లూ మీటి చూశాం. కుడి ముందు కట్టు, ఎడమ నడిమి కట్టు మోగలేదు. కొత్త తాడు మొదటి రోజు సర్దుకుంటుంది. ఆ రెంటికీ అడ్డ చుట్లు విప్పి మళ్లీ బిగించాం. మిగతావి వచ్చే శనివారం.