మంచం దిగడానికీ ఒక లెక్క (బరంపురం, మంగళవారం)

వైశాఖం ఎండ ఎనిమిదింటికే నెత్తికెక్కుతోంది. దానికి గోపాలపురం వైపు నుంచి సముద్రపు తేమ తోడు. చెమట పట్టడమే గానీ ఆరడం లేదు. కాన్సర్‌కు కీమో మందు నడుస్తున్నవాళ్లు ఈ నెలలో రామలింగం ట్యాంకు దగ్గర నడవాలంటే తెల్లారి ఐదున్నరకు బయల్దేరి ఆరున్నరకల్లా ఇల్లు చేరాలి. అది కుదరకపోతే ఇంట్లోనే నడక. పాతవీధుల్లో మనవాళ్ల ఇళ్లు వీధి అరుగు నుంచి పెరటి నూతిదాకా పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. కాన్సర్ మనుషులకు వ్యాయామం నేర్పడానికి ఇవాళ మొదట వెళ్లిన ఇంట్లో ఆ చివర నుంచి ఈ చివరకు 30 అడుగులు పడ్డాయి. అటూ ఇటూ కలిపి 20 సార్లు తిరిగితే ఆరేడు నిమిషాల నడక. దారిలో రెండు గడపలు, జారే కాలిపట్టా ఒకటి, నూతి దగ్గర ఎప్పుడూ తడి. పట్టా తీయించాను. గడపల అంచున రంగు టేపు అంటించమన్నాను. తడి వచ్చేచోటికి రెండడుగుల ముందే వెనక్కి తిరగాలి.

ఆ ఇంటి పెద్దాయనకు పెద్దపేగు కాన్సర్. ఆపరేషన్ అయింది, ఇప్పుడు మూడు వారాలకోసారి విశాఖ వెళ్లి కీమో ఎక్కించుకుని వస్తున్నారు.

"డాక్టరుబాబు రెస్టు తీసుకోమన్నారు కదమ్మా, మళ్లీ ఈ నడకేటి?" అని ఆయన భార్య.

"రెస్టంటే మంచం కాదు పిన్నిగారూ. బరువులు మొయ్యొద్దని, అలిసేదాకా తిరగొద్దని."

సగమే నమ్మారు. కాన్సర్ నీరసం పొలంపని చేసి అలిసినట్టు ఉండదు, ఎంత పడుకున్నా తీరదు. పడుకున్నకొద్దీ తొడ కండ కరుగుతుంది. అప్పుడు లేచి బాత్రూముకు వెళ్లడమే పెద్ద పనవుతుంది, ఆ పనికే ఆయాసం వచ్చి మళ్లీ మంచమెక్కుతారు. మన ఇళ్లలో ఇంకో చోద్యం. జబ్బు మగవాడికొస్తే మంచం దిగనివ్వరు, ఆడమనిషికొస్తే పదోనాటికే బిందె చేతికిస్తారు. రెండూ తప్పే.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2018లో నిపుణులను కూర్చోబెట్టింది. వాళ్లు తేల్చిన మోతాదు 2019లో అచ్చయింది: వారానికి 3 సార్లు, సారికి 30 నిమిషాలు ఓ మోస్తరు ఆయాసం వచ్చే నడకలాంటిది, దానికి తోడు వారానికి 2 సార్లు కండరాలకు పని, ఇలా కనీసం 8 నుంచి 12 వారాలు. నీరసం, దిగులు, ఆందోళన తగ్గడానికీ, పనులు చేసుకునే సత్తువ రావడానికీ ఇది పనికొస్తుందని. ఓ మోస్తరంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇంటిపని చేస్తున్నాం కదా అంటారు. వంటింట్లో నిలబడితే కాళ్లు లాగుతాయి గానీ గుండె వేగం పది నిమిషాలపాటు ఆగకుండా పెరగదు. ఆ నడక వేరే కావాలి.

కానీ మొదటి రోజే 30 నిమిషాలు ఎవరికీ చెప్పకూడదు. 5 నిమిషాలు, పూటకొకసారి, రోజుకు మూడుసార్లు. రెండు మూడు రోజులకో నిమిషం కలుపుకుంటూ పోవాలి. పెద్దాయనకు గోడమీద ఒడియా క్యాలెండర్‌లోనే 21 గళ్లకు గీతలు గీశాం. కీమో ఎక్కిన నాటినుంచి ఐదు రోజులు వాంతి, నీరసం ఎక్కువ కాబట్టి 5 నిమిషాలు రెండుసార్లు చాలు. సుమారు 7వ రోజు నుంచి 14వ రోజుదాకా, రోగాలు అంటకుండా కాపాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు నడక ఇంట్లోనే, పెళ్లిళ్లూ జాతరలూ సంతలూ వద్దు. 15వ రోజు నుంచి మోతాదు పెంచాలి. చాలామంది చిత్తయ్యేది ఈ మూడో వారంలోనే. ఒళ్లు తేలికపడింది కదా అని పొద్దున్నే బజారు, మధ్యాహ్నం బంధువులు, సాయంత్రం గుడి, ఆపైన రెండు రోజులు లేవరు. "ఈ నడకవల్లే" అని నెపం మాత్రం నడకమీద. తర్వాతి రోజు పొద్దుటికీ అలసట తీరలేదంటే ముందురోజు మోతాదు ఎక్కువైందన్నమాట. మూడో వంతు తగ్గించాలి, మానెయ్యకూడదు.

ఆయన కీమోలో ఆక్సాలిప్లాటిన్ ఉంది, నరాలకు తిమ్మిరి తెచ్చే మందు. అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది, హవాయి చెప్పు ఊడిపోయినా తెలియడం లేదట. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనమన్నాను, ఇంట్లో కూడా అవే. వట్టి కాళ్లతో పెరట్లోకి దిగకూడదు. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు ఎవరైనా లైటు వేసి చూడాలి, గాయమైనా ఆయనకు నొప్పి తెలియదు కాబట్టి. వంటగట్టును వేళ్ల కొసలతో పట్టుకుని ఒంటికాలిమీద 10 సెకన్లు, కాలికి ఐదుసార్లు. కళ్లు మూసుకుని చేయడం ఇప్పుడే వద్దు. కీమో ఎక్కిన మొదటి కొన్ని రోజులు ఫ్రిజ్ నీళ్లు ముట్టుకోకూడదు, తాగకూడదు. చలవ తగిలితే వేళ్లూ గొంతూ జివ్వుమంటాయి.

కుర్చీలోంచి లేవడమూ ఇవాళే నేర్పాం. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది, గోడకు ఆనించాల్సిందే. అంచుకు జరిగి, పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా వంగి, గాలి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు మనసులో మూడు లెక్కపెడుతూ దిగాలి. అందరూ చేసే తప్పు ఒకటే: ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లేచి, తర్వాత ధబ్బున కూలబడతారు. దిగేటప్పుడే కండకు అసలు పని, అదే వదిలేస్తారు. 8 సార్లు, రెండు నిమిషాలు ఆగి మళ్లీ 8. పొట్టమీద కోత ఉన్నవాళ్లకు, స్టోమా సంచి (మలం పోవడానికి పొట్టమీద తగిలించేది) ఉన్నవాళ్లకు ఊపిరి బిగబట్టడం మరీ ప్రమాదం, హెర్నియా దిగొచ్చు. కపాలభాతి కూడా అందుకే వద్దన్నాను. టీవీలో చూసి మొదలెట్టారట.

ఆయన కొడుకు 2025లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన చాలెంజ్ ట్రయల్ సంగతి ఫోన్లో చదివి అడిగాడు. పెద్దపేగు కాన్సర్‌కు ఆపరేషనూ కీమో అయిపోయినవాళ్లు 889 మంది. ఒక గుంపుకు ఆరోగ్యం గురించి పుస్తకాలిచ్చి పంపారు, ఇంకో గుంపుకు మూడేళ్లు మనిషిని పెట్టి వ్యాయామం చేయించారు. ఐదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు వ్యాయామం గుంపులో 80.3 శాతం, పుస్తకాల గుంపులో 73.9. ఎనిమిదేళ్లకు బతికున్నవాళ్లు 90.3, 83.2. చెప్పాల్సిందే చెప్పాను: అది ఆ ఒక్క కాన్సర్ లెక్క, కీమో ముగిశాక మొదలుపెట్టిన లెక్క, అన్నిటికీ అంటగట్టకూడదు. వ్యాయామం గుంపులో కండరాల, కీళ్ల నొప్పులూ ఎక్కువమందికే వచ్చాయి. నా దృష్టిలో అందులో అసలు మందు, వెంటబడి చేయించే మనిషి. ఇక్కడ ఆ పని కొడుకే చేయాలి, రోజూ ఫోన్‌చేసి "నాన్నా, ఇవాళెన్ని నిమిషాలు?" అని అడగాలి.

రెండో ఇంట్లో నోటి కాన్సర్, బిగుసుకున్న దవడ. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా పాతకాలపు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటుంది, చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టి తాగడం. అంగిలి మాడేది దానివల్లే. మగవాళ్లకు ఖైనీ, గుట్కా. ఈ అవ్వకు ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయి నాలుగు నెలలు. నోట్లో ఒక వేలే పడుతోంది. నిలువుగా మూడు వేళ్లు పట్టాలి. స్కేలుతో కొలిస్తే 35 మిల్లీమీటర్లకంటే తక్కువ తెరుచుకుంటే దవడ బిగుసుకుందనే లెక్క. రేడియేషన్ తగిలిన కండ నెలల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది, కరెంటు (రేడియేషన్) ఆపాం కదా అని ఊరుకోదు.

ఐస్‌క్రీం పుల్లలు శుభ్రంగా కడిగినవి ఒకదానిమీద ఒకటి పేర్చి, ఇబ్బంది లేకుండా ఎన్ని పడతాయో అన్ని దవడపళ్ల మధ్య పెట్టాలి. ఆమెకు పట్టింది 9. మధ్యలోకి పదోది మెల్లగా తోసి, లాగుతున్నట్టు అనిపించేచోట ఏడు సెకన్లు ఆగి, తీసేయాలి. ఏడుసార్లు. ఇలా రోజుకు ఏడు పూటలు. అన్నం తినే ముందు చేస్తే తినడమూ తేలిక. ముందు గోరువెచ్చటి తడిగుడ్డ చెంపకు పెట్టబోయింది మనవరాలు, ఆపాను. రేడియేషన్ తగిలిన చర్మానికి వేడి సరిగా తెలియదు, కాలిపోతుంది. కదులుతున్న పంటిమీద పుల్లలు పెట్టకూడదు. సర్రున నొప్పి వస్తే, ఎముక బయటపడితే ఆపి సర్జన్‌కు చూపించాలి.

మెడలో గడ్డలు (లింఫు గ్రంథులు) తీసినవైపు ఆమె భుజం కిందికి జారింది. భుజాన్ని పైకెత్తే నరానికి దెబ్బ తగిలితే అంతే, చెయ్యి పక్కనుంచి పైకి లేవదు. ఈ స్థితిలో చేతిని పట్టుకుని బలంగా పైకి లాగితే కీలు వాస్తుంది. దండెం మీద చీర ఆరేసే పని కొన్నాళ్లు ఆ చేత్తో వద్దు. కూర్చుని, భుజాల వెనక రెక్కలు రెండూ వెనక్కి, కిందికి దగ్గరకు తెచ్చి ఐదు సెకన్లు, పదిసార్లు. పని తక్కువలా కనిపిస్తుంది గానీ చెమట పట్టింది ఆవిడకు.

మధ్యాహ్నం మూడు రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చాయి. నడిచే ముందు రక్తం కాగితం చూడటం అలవాటు చేసుకోవాలి. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువైతే బరువులు బంద్, సాగే రబ్బరు పట్టీలు కూడా బంద్, నెమ్మది నడక మాత్రం. 20,000 కంటే తగ్గితే ఇంట్లో సొంత పనులు దాటి ఏదీ వద్దు, పడితే లోపల రక్తం కారుతుంది. హిమోగ్లోబిన్ 8 కిందికొస్తే డాక్టరును అడిగాకే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే వ్యాయామం ప్రసక్తే లేదు, ఆ రాత్రే ఆస్పత్రికి. పారాసిటమాల్ వేసి తెల్లారి చూద్దామనుకోకూడదు. ఇవి మామూలుగా పాటించే హద్దులు, ఎవరి డాక్టరు వేరేగా చెప్తే వాళ్లకు ఆ మాటే.

మూడు రిపోర్టుల్లో ఒకాయనది స్కానింగ్. ప్రోస్టేట్ జబ్బు నడుం ఎముకకు పాకింది. ఆయన రోజూ చేసే ఆసనాల పట్టీలోంచి ముందుకు వంగేవి, నడుం మెలితిప్పేవి, సర్వాంగాసనం కొట్టేశాం. నడక, కుర్చీలో కూర్చుని చేసేవి మిగిలాయి. కాళ్లు హఠాత్తుగా పట్టు తప్పినా, మూత్రం బిగుసుకున్నా వెన్నుపాము నొక్కుకుంటోందనుకోవాలి, గంటల్లో ఆస్పత్రి చేరాలి.

సాయంత్రం పట్టు నేసే ఇల్లు. రొమ్ము ఆపరేషన్ అయిన ఆవిడ మళ్లీ మగ్గం ఎక్కాలంటోంది. చంకలో గడ్డలు తీశారు, చెయ్యి కొంచెం వాస్తోంది. "బరువెత్తితే చెయ్యి ఏనుగు కాలవుతాదంట కదమ్మా" అని భయం. చాలాకాలం డాక్టర్లూ అదే చెప్పారు. 2009లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లోనే వచ్చిన పరిశోధనలో, చెయ్యి వాపు ఉన్న 141 మంది ఆడవాళ్లలో సగం మందికి ఏడాదిపాటు వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు, ఉన్నట్టుండి ముదరడం తగ్గింది. కాకపోతే వాళ్లు దాదాపు సున్నా బరువుతో మొదలుపెట్టారు, చేతికి ప్రెజర్ స్లీవ్ (వాపును అదిమిపెట్టే బిగుతు తొడుగు) తొడుక్కున్నారు. పెంచింది పిసరంత చొప్పున.

డంబెల్ కొనక్కర్లేదు. ఖాళీ లీటరు సీసాలు రెండు తీసుకుని సగందాకా నీళ్లు పోశాం, అరకిలో. మోచెయ్యి మడిచి సీసాను భుజందాకా తేవడం 10 సార్లు, రెండు విడతలు. వాపున్న చేత్తోనూ, లేనిదాంతోనూ. మధ్యలో కనీసం ఒకరోజు ఖాళీ. రెండు దఫాలు చేసినా చెయ్యి బరువెక్కలేదు, గాజు బిగియలేదు అంటే ఇంకో పావు లీటరు పోయాలి. నీళ్లు నిండాక ఇసక, లీటరు సీసాలో పొడి ఇసక కిలోన్నర దాటుతుంది. కొలతకు దర్జీ టేపు: మణికట్టు, మోచేతికి ఇటు పది, అటు పది సెంటీమీటర్ల దగ్గర. చుక్కలు పెట్టి, వారానికోసారి ఒకే వేళలో. రెండు చేతులకూ తేడా 2 సెంటీమీటర్లు దాటినా, చెయ్యి ఎర్రబడి వెచ్చబడినా ఆపి చూపించాలి.

గోడమీద వేళ్లతో పాకించడం కూడా చేయించాను. అందిన చోట పెన్సిల్‌తో గీత, తేదీ. ఆవిడ గీత నాలుగు వేళ్లు పెరిగింది, కానీ భుజం చెవిదాకా ఎగదోసి, ఒళ్లు పక్కకు ఒరిగించి అందుకుంది. సరిగా నిలబెడితే రెండు వేళ్లే. చంకనుంచి మోచేతిదాకా చర్మం కింద తాడులా లేస్తోందని భయపడింది. అది చాలామందికి వస్తుంది, మెల్లగా సాగదీస్తుంటే వారాల్లో పోతుంది, మానెయ్యడమే దానికి మేత. కొంకి తీసుకుని తెంపుకోమని ఎవరో చెప్పారట!

ఇంకోమాట, తిండి. చద్దన్నం, వట్టి అన్నం తిని బరువులెత్తితే కండ ఎక్కడినుంచి వస్తుంది? కాన్సర్ మనిషికి కిలోకు గ్రాము దాటి, వీలైతే ఒకటిన్నర గ్రాముదాకా ప్రొటీన్ కావాలంటారు. ఆవిడ 50 కిలోలు, అంటే 50 దాటి 75 లోపు. గుడ్డుకు 6 గ్రాములు, వంద గ్రాముల చేపకు 20, గ్లాసు పాలకు 6, కప్పు డాల్మాలో (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పుకూర) పప్పు బాగా పడితే 7, 8. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఈ లెక్క డాక్టరుతో సరిచూసుకోవాలి.

రాత్రి పెద్దాయన కొడుకు మళ్లీ ఫోను, ఎల్లుండి రైలు గురించి. విశాఖ అగనంపూడి కాన్సర్ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు దువ్వాడలో దిగుతారు, కటక్ ఆచార్య హరిహర్ కాన్సర్ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు అటువైపు. ఎటెళ్లినా గంటలకొద్దీ కూర్చోవడమే, కాన్సరూ కీమో ఉన్న ఒంట్లో రక్తం కాళ్లలో గడ్డకట్టే అవకాశం మామూలుకంటే ఎక్కువ. నడవా పక్క సీటు తీసుకోమన్నాను. ఇచ్ఛాపురం దాటగానే మొదలు, ప్రతి అరగంటకు మడమలు ఎత్తడం, కాలివేళ్లు ఎత్తడం ఇరవైసార్లు. గంటకోసారి, ఎవరో ఒకరు పక్కనుండగా, బోగీ చివరిదాకా నడక. నీళ్లు మానకూడదు. రెండింట్లో ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే దాన్ని నూనె రాసి పిసకొద్దు, నడిపించొద్దు. ఆస్పత్రి చేరగానే కీమో గదికంటే ముందు ఆ కాలు చూపించమన్నాను.