చేప అంటే చేట అన్నాను

నిన్న సాయంత్రం కాకినాడ నుంచి తిరిగొచ్చాను. చెవి పరీక్ష అయింది, చిరాకు ఇంకా తగ్గలేదు.

మండపేటలో ఇరవై రెండేళ్లుగా రైస్ మిల్లు గుమాస్తాని. లెక్కలో రూపాయి తేడా వచ్చిందని నన్నన్నవాడు లేడు. ఏడాదిగా మాత్రం పెళ్లి భోజనాల్లో పక్కవాడి గొంతు వినిపిస్తుంది, మాట తెలియడం లేదు. "ఆయనకి కావలసినవే వినిపిస్తాయి" అని మా ఆవిడ ఊరంతా చెప్పింది. చెవి మిషన్లు అమ్మే ఒక షాపువాళ్లయితే అయిదు నిమిషాలు కూతలు వినిపించి, మిషన్ అంటగట్టబోయారు.

కాకినాడలో గుబిలి తీయడం, కూతల పరీక్ష అరగంటలో అయిపోయాయి. గ్రాఫులో 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్న కూతల దగ్గర, గీత గుంటలో పడింది. మోతలో పనిచేసిన చెవికి అలాగే పడుతుందట.

పరువు పోయింది ఆ తర్వాతే. వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు అమ్మాయి మాటలు చెబుతుంది, నేను తిరిగి అనాలి. మొదట అన్నీ సరిగ్గానే అన్నాను. అప్పుడు నా కేసు కాగితాన్నే నోటికి అడ్డం పెట్టుకుంది. "చేప" అంటే "చేట" అన్నాను. "కత్తి"కి "పత్తి". "తల"కి "కల". వెనక మా అల్లుడు దగ్గు నటించి నవ్వుకున్నాడు. అమ్మాయిది మన యాస కాదేమో అనుకుని ఊరడిగాను. "ముమ్మిడివరమండీ" అంది. ఆపైన హెడ్‌ఫోన్లో జనం గోల పెట్టి మళ్లీ చెప్పించింది. పది మాటల్లో మూడే సరిగ్గా అన్నాను.

"మీరు సగం పెదాలు చూసి వింటున్నారు బాబాయ్‌గారూ" అంది.

అచ్చులు గట్టిగా వస్తాయి. స, త, క లాంటి హల్లులు సన్నగా వచ్చి చటుక్కున పోతాయి. ఆ సన్న శబ్దాలు పట్టే కణాలు లోపలి చెవి గుమ్మంలోనే ఉంటాయి, పోతే మళ్లీ మొలవవు. చిరిగిన చీటీ చదివినట్టు మిగతాది మెదడే ఊహించుకుంటుంది. గోలలో ఒక గొంతుని వేరు చేయడానికి రెండు చెవులకీ శబ్దం చేరే తేడాని కూడా లెక్కేస్తుంది, అది సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇన్నాళ్లూ నా మెదడు ఇంత గుమాస్తాగిరీ చేస్తోందని నాకేం తెలుసు!

మిషన్లు సరిపోవాలని చెవుల ఆకారానికి అచ్చు పోసుకున్నారు, అవి వచ్చే వారం వస్తాయి. మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది, విసుగొచ్చి బీరువాలో పెట్టేయొద్దంది. మీరు కొనేముందు కాగితం అడ్డం పెట్టి మాటలు చెప్పించుకోండి. ఆ పరీక్ష లేదన్న షాపు మెట్లు దిగిపోండి. అల్లుణ్ని మాత్రం వెంట తీసుకెళ్లకండి.

పొద్దున మా ఆవిడ వంటింట్లోంచి ఏదో అడిగింది. "ఇటు తిరిగి చెప్పు" అన్నాను. వచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ అడిగింది.