హాజరు పట్టీలో లేని పేరు

మన బడి స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, చాలామంది సార్ల గురించీ, గేటు పక్క చింతచెట్టు గురించీ, ఇంటర్వెల్‌లో ఉప్పుకారం అద్దుకుని తిన్న జామకాయల గురించీ రాస్తారనుకున్నాను. నేను రాసేది కూడా ఒక సార్ గురించే. కాకపోతే ఆయన గురించి చెప్పాలంటే పోలండ్ దేశపు యుద్ధ విమాన పైలట్ ఒకాయన గురించి చెప్పాలి. 1991 ఎస్సెస్సీ బ్యాచ్ వాళ్లకి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. అవును, మన సోషల్ సారే.

కొత్త బ్యాచ్‌ల వాళ్ల కోసం కాస్త చెబుతాను. సార్ మన బడికి రాకముందు 15 ఏళ్లు వైమానిక దళంలో పనిచేశారు. పైలట్ కాదు. విమానం ముందు భాగంలో ఉండే మీటర్లు, గడియారాలు, దిక్సూచి సరిచూసే పని. అది అయ్యాక బీఈడీ చేసి బడిలో చేరారు. హకీంపేటలో లేచిన కిరణ్ విమానాలు మన తరగతి పైనుంచే పోయేవి కదా, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా సార్ సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసి, చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా వినేవారు. తర్వాత ఆపిన మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు. ఒక్క అక్షరం కూడా తేడా వచ్చేది కాదు.

ఇంకొకటి ఆయన హాజరు తీసుకునే పద్ధతి. మిగతా పీరియడ్లలో మేం రోల్ నంబర్లం. సార్ మాత్రం ఇంటిపేరుతో సహా పేరంతా చదివేవారు. మా బెంచీలో ఒకమ్మాయి పేరు పెద్దది, పలకడం కష్టం. ఆరో తరగతి నుంచి అందరూ దాన్ని సగానికి తెంపేసి పిలిచేవాళ్లం. సార్ మొదటి రోజు ఆ పేరు దగ్గర ఆగి, "నువ్వే చెప్పమ్మా, మీ ఇంట్లో ఎట్లా పిలుస్తారో" అని అడిగి, రెండుసార్లు పలికి చూసుకుని, పట్టీలో దిద్దుకున్నారు. ఆ పిల్ల ఆ రోజంతా నిటారుగా కూర్చుంది. నాకది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

పదో తరగతిలో రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చింది. 1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది అన్న వాక్యం దగ్గర సార్ పుస్తకం మూసేశారు. "ఆ రోజు ఏం జరిగిందో ఒకాయన సంగతి చెబుతాను" అన్నారు.

ఆయన పేరు స్టానిస్లా స్కాల్‌స్కీ. సార్ అప్పుడు అలాగే పలికారు. బోర్డు మీద కూడా అలాగే రాశారు. అప్పటికి స్కాల్‌స్కీ వయసు 23, 24. ఉత్తరాన తోరున్ అనే ఊరి దళంలో పైలట్. నడిపేది పీజెడ్ఎల్ పీ-11 అనే విమానం. పైలట్ తల బయటికి కనబడేది, చక్రాలు లోపలికి ముడుచుకునేవి కావు. అవతలివాళ్ల దగ్గర అంతకంటే ఎంతో వేగంగా పోయే మెసర్‌ష్మిట్ యుద్ధ విమానాలు. ఆ మొదటి రోజే జర్మన్ల గూఢచారి విమానం ఒకటి దెబ్బతిని పొలంలో దిగింది. స్కాల్‌స్కీ కూడా తన విమానాన్ని దాని పక్కనే దింపాడు. అందులో మ్యాపులు ఉంటాయని ఆయనకి తెలుసు. కానీ అందులో గాయపడ్డ ఇద్దరు మనుషులు కూడా ఉన్నారు. వాళ్ల గాయాలకు కట్టు కట్టాడు.

తరగతిలో ఎవరో లేచి, "ఎందుకు సార్? శత్రువులే కదా?" అన్నారు. సార్ కాసేపు ఆలోచించి, "నాకు తెలియదురా. ఆయన ఇంకా బతికే ఉన్నాడనుకుంటా, వార్సాలో. ఉత్తరం రాసి అడగండి" అన్నారు.

రాసింది నేనొక్కదాన్నే. ఇంగ్లీషులో, నాన్న డిక్షనరీ పక్కన పెట్టుకుని, లేతనీలం ఏరోగ్రామ్ మీద. అడ్రస్ లేదు. "స్టానిస్లా స్కాల్‌స్కీ, పైలట్, వార్సా" అని రాసి సార్‌కి చూపించాను. ఆయన తప్పులు దిద్దారు. పోస్ట్ చెయ్యడానికి మాత్రం నాకే ధైర్యం చాలలేదు. ఆ ఉత్తరం మా అమ్మ బీరువాలో చీరల కింద చాలా ఏళ్లు ఉంది.

మిగతా కథ సార్ ముక్కలు ముక్కలుగా, ఏ పాఠం మధ్యలోనో చెప్పేవారు. పోలండ్ ఓడిపోయాక అక్కడి పైలట్లు వేల మైళ్లు తిరిగి ఇంగ్లండ్ చేరారు. స్కాల్‌స్కీ దారి రుమేనియా, బీరూట్, ఫ్రాన్స్. ఇంగ్లండ్‌లో వాళ్లకి ఎదురైన ఇబ్బందుల గురించి చెప్పేటప్పుడు మా సార్‌లోని పాత మెకానిక్ బయటికొచ్చేవారు. వాళ్లకి అలవాటైన మీటర్లు కిలోమీటర్లలో చూపిస్తే, ఇక్కడివి మైళ్లలో. ఎత్తు మీటర్లలో కాదు, అడుగుల్లో. ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్ అనే పిడిని అలవాటైన వైపు కాకుండా దానికి ఎదురువైపు తొయ్యాలి. పాత విమానానికి చక్రాలు ఎప్పుడూ కిందే ఉండేవి గనక, హరికేన్ అనే బ్రిటిష్ యుద్ధ విమానం దింపేటప్పుడు చక్రాలు దించాలన్న సంగతి చేతికి గుర్తుండాలి. సార్ టేబుల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఎడమచెయ్యి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ చూపించేవారు. "తలకి తెలిసినంత తొందరగా చేతికి తెలియదు" అనేవారు. ఆ పైన ఇంగ్లీషు. రేడియోలో చెప్పే మాటలు అలవాటు చెయ్యడానికి, అన్ని యుద్ధాలు చూసి వచ్చిన ఆ పైలట్ల చేత రేడియోలు కట్టిన మూడు చక్రాల సైకిళ్లు తొక్కించారు మైదానంలో. మేం నవ్వితే సార్ నవ్వలేదు.

1940 ఆగస్టు 2న లండన్ పక్కన నార్తోల్ట్‌లో పోలిష్ పైలట్లతో 303వ స్క్వాడ్రన్, అంటే యుద్ధ విమానాల దళం, ఏర్పడింది. ఆ నెలాఖరుకి గానీ వాళ్లని యుద్ధానికి పంపలేదు. 30వ తేదీన శిక్షణ కోసం ఎగురుతుండగా లుద్విక్ పాష్కియేవిచ్ అనే పైలట్ దూరంగా జర్మన్ విమానాలు చూశాడు. నాయకుడికి సైగ చేశాడు, జవాబు రాలేదు. ఒక్కడే వెళ్లి ఒకదాన్ని కూల్చి వచ్చాడు. మర్నాటి నుంచే స్క్వాడ్రన్ యుద్ధంలోకి దిగింది. ఆరు వారాల్లో 126 విమానాలు కూల్చినట్టు లెక్క రాసుకుంది. నిజంగా కూలినవి అంతకంటే తక్కువేనని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా ఆ ఏడాది అందరికంటే బాగా పోరాడిన స్క్వాడ్రన్లలో అదొకటి అన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. పాష్కియేవిచ్ సెప్టెంబర్ 27న చనిపోయాడు.

స్కాల్‌స్కీ ఉన్నది బ్రిటిష్ వాళ్ల 501వ స్క్వాడ్రన్‌లో. సెప్టెంబర్ 5న ఆయన విమానం మంటల్లో కూలింది. ఒళ్లు కాలి వారాల తరబడి ఆస్పత్రిలో ఉండి, మళ్లీ ఎగిరాడు. 1943లో ట్యునీషియాలో పదిహేను మంది దాకా పోలిష్ పైలట్ల చిన్న జట్టుని నడిపాడు. దానికి స్కాల్‌స్కీ సర్కస్ అని పేరు. తర్వాత బ్రిటిష్ వాళ్ల 601వ స్క్వాడ్రన్‌కి నాయకుడయ్యాడు. యుద్ధం అయ్యేసరికి పోలండ్ పైలట్లందరిలోకీ ఎక్కువ విజయాలు ఆయనవే.

ఇక్కడిదాకా ఎవరైనా చెబుతారు. సార్ ఆ తర్వాతది చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. పరీక్షలు దగ్గరికొచ్చాయి, రివిజన్ జరుగుతోంది. పెద్ద దేశాలు యాల్టాలో కూర్చుని పోలండ్‌ని సోవియట్ పక్షానికి వదిలేశాయని చెప్పారు. 1946 జూన్ 8న లండన్‌లో విజయోత్సవ కవాతు జరిగితే, పోలిష్ సైన్యానికి చోటు లేదు. వైమానిక దళం నుంచి కొందరు పైలట్లని మాత్రం పిలిచారు. మా వాళ్లందరూ లేకుండా మేం రామని వాళ్లు వెళ్లలేదు. చాలామంది ఇంగ్లండ్‌లోనే ఉండిపోయారు. స్కాల్‌స్కీ ఉండలేదు. 1947లో ఇంటికి వెళ్లాడు.

1948 జూన్‌లో గూఢచారి అని ఆయన్ని అరెస్ట్ చేశారు, సొంత దేశం వాళ్లే. హింసించారు. 1950లో మరణశిక్ష వేశారు. వాళ్లమ్మ దేశాధ్యక్షుడికి మొరపెట్టుకుంది. శిక్ష యావజ్జీవంగా మారింది. 1956లో వదిలిపెట్టారు. గాయపడ్డ శత్రువుకి కట్టు కట్టిన మనిషికి జీవితంలో ఎనిమిదేళ్లు అలా పోయాయి. సార్ ఇది చెప్పి, బోర్డు మీది పేరు తుడవకుండానే వెళ్లిపోయారు. తర్వాత పీరియడ్ లెక్కల మేడమ్ తుడిచారు.

నేనిప్పుడు లండన్ పడమటి వైపు ఉంటాను. ఫార్మసిస్టుని. రోజూ ఏ-40 రోడ్డు మీదుగా పనికి వెళ్తాను. వచ్చిన కొత్తలో ఆ రోడ్డు పక్కన బోర్డు చూసి కారు పక్కకి ఆపేశాను. "పోలిష్ వార్ మెమోరియల్" అని ఉంది. నార్తోల్ట్ విమానాశ్రయం అంచునే, 1948 నవంబర్‌లో ఆవిష్కరించిన స్మారకం అది. రాతి స్తంభం మీద కంచు గద్ద, దాని చుట్టూ చనిపోయిన వైమానికుల పేర్లు. రోజూ వేల కార్లు దాని పక్కనుంచి పోతాయి. ఇక్కడి వాళ్లలో ఎక్కువమందికి అదొక కూడలి పేరు.

స్కాల్‌స్కీ పేరు అక్కడ ఉండదు. ఆయన యుద్ధంలో చనిపోలేదు. 2004 నవంబర్‌లో వార్సాలో పోయారు. అంటే నేను ఆ ఉత్తరం రాసిన తర్వాత ఇంకా 13 ఏళ్లు ఉన్నారు. 1989లో పోలండ్‌లో ప్రభుత్వం మారింది, అడగడానికి ఏ అడ్డూ లేదు. పోస్ట్ చేసి ఉంటే చేరేదేమో. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టు అవుతుంది.

స్మారకం గురించి చదువుతుంటే ఇంకొకటి తెలిసింది, సార్ కూడా మాకెప్పుడూ చెప్పనిది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. మన నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరు. దాని చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. 253వ స్క్వాడ్రన్ పేరులో కూడా హైదరాబాద్ స్టేట్ ఉంది. ఈ రెండింటిలోనూ 1940లో పోలిష్ పైలట్లు ఎగిరారు. 152లో ఉన్న జిగ్ముంత్ క్లైన్ అనే సార్జెంట్ 1940 నవంబర్ 28న స్పిట్‌ఫైర్ యుద్ధ విమానంలో వెళ్లి తిరిగి రాలేదు. ఎక్కడి పోలండ్, ఎక్కడి మన చార్మినార్! తన స్క్వాడ్రన్ పేరులోని ఊరు ఎక్కడుందో ఆ అబ్బాయికి ఎవరైనా చెప్పారో లేదో.

పోయిన శీతాకాలంలో ఒక ఆదివారం అక్కడికి వెళ్లి, నిలబడి, ఆ పేర్లు చదవడం మొదలుపెట్టాను. సార్ హాజరు తీసుకున్నట్టు, పైకే. నాలుగో పేరుకే నాలుక తిరగలేదు. మర్నాడు నాతో పనిచేసే పోలిష్ అమ్మాయిని అడిగాను. తను కాగితం మీద అక్షరం రాసి, ఎల్ మీద అడ్డగీత ఉంటే అది ల కాదు, వ అని చెప్పింది. చివరి డబ్ల్యూ ఫ అవుతుందట. మరి స్టానిస్లా? తను పలికింది. నేను మూడుసార్లు అని చూసుకున్నాను.

ఆ సాయంత్రమే సార్‌కి ఫోన్ చేశాను. సార్‌కి ఎనభై దాటాయి, అల్వాల్‌లో కూతురింట్లో ఉంటున్నారు. చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి అమ్మాయి స్పీకర్ పెట్టింది. హైదరాబాద్ స్క్వాడ్రన్ సంగతి చెబితే, "నేను మన బేస్‌లో విన్నానమ్మా, పేరు మాత్రమే. పోలిష్ పిల్లలున్నారని తెలియదు" అన్నారు. క్లైన్ పేరు రెండుసార్లు చెప్పించుకున్నారు.

తర్వాత భయపడుతూనే అన్నాను. "సార్, మనం స్కాల్‌స్కీ పేరు తప్పు పలికాం. స్టానిస్లా కాదట."

అటువైపు కాసేపు మాట లేదు. ఫోన్‌లో అల్వాల్ రోడ్డు మీది ఆటోల హారన్లు వినబడుతున్నాయి.

"అయితే చెప్పమ్మా. మెల్లగా చెప్పు."

"స్తా-ని-స్వాఫ్."

"స్తానిస్లాఫ్."

"ల కాదు సార్, వ."

"ఆగు, పెన్ను తెచ్చుకోనీ" అన్నారు. కుర్చీ జరిపిన చప్పుడు, కాగితం చప్పుడు. తెలుగులో రాసుకుంటున్నారని అర్థమైంది. అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. ఒకసారి, రెండోసారి. ఆ తర్వాత, పదో తరగతి ఏ సెక్షన్‌లో మొదటి పీరియడ్‌కి వినబడే ఆ గొంతుతో, ఇంటిపేరుతో సహా మొత్తం పలికారు.

"స్తానిస్వాఫ్ స్కాల్‌స్కీ. సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది సార్" అన్నాను.