తిథి చూసుకుని వెళ్ళాల్సిన దీవి

అండమాన్‌లోని నీల్ దీవికి టికెట్లు తీసుకునే ముందు క్యాలెండర్లో తిథి చూసుకోవాలి. అక్కడి సహజ రాతి వంతెన దగ్గరికి నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడే నడిచి వెళ్ళగలం. అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా ఆటూ పోటూ రెండూ ఎక్కువ; నీటిమట్టంలో తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. మేం జనవరిలో పౌర్ణమి మర్నాడు అక్కడ ఉండేలా పెట్టుకున్నాం.

2018 డిసెంబరులో ఈ దీవి పేరు షహీద్ ద్వీప్ అని మార్చారు. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. జనం నోట మాత్రం ఇంకా పాత పేర్లే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రైవేటు పడవలో గంట, గంటన్నర. సర్కారు పడవలో రెండు గంటల పైనే. సముద్రం పడనివాళ్ళు ఎక్కే అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే నిలవదు.

దీవి మొత్తం 14 చదరపు కిలోమీటర్ల లోపే. రేవు దగ్గర అద్దె సైకిలు తీసుకుంటే చాలు. బ్రేకులూ గాలీ అక్కడే చూసుకోండి. ఊళ్ళ పేర్లు ఎక్కువ రామాయణంలోవే: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీలు స్థిరపడిన దీవి కాబట్టి రాతి వంతెనను హౌరా బ్రిడ్జి అని కూడా పిలుస్తారు.

వంతెనకి వెళ్ళే పద్ధతి ఇది. ఆటు పూర్తయ్యే వేళ ఎప్పుడో బస చేసినచోట అడిగి, దానికి గంట ముందే అక్కడికి చేరాలి. ఆ సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్న వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన టైము ఇవాళ పనికిరాదు. దారంతా చచ్చిన పగడపు రాయి, రంపం పళ్ళలా ఉంటుంది. హవాయి చెప్పులు సందుల్లో ఇరుక్కుని బద్దీ ఊడిపోతుంది. వెనక పట్టీ ఉన్నవి వేసుకోవాలి. పచ్చగా నాచు పట్టిన రాయి మీద అడుగు వేయొద్దు, తెల్లగా ఎండినదాని మీద వేయండి. రాళ్ళ మధ్య గుంటల్లో మోకాలి లోతు నీళ్ళు మిగులుతాయి. ఒకదాని దగ్గర కూచుని కదలకుండా రెండు నిమిషాలు చూస్తే నల్లటి కీరదోసలా పడి ఉన్నది సముద్ర దోసకాయ అనే జీవి అని తెలుస్తుంది, రాయి అనుకున్నది పీతై పక్కకి జరుగుతుంది. చెయ్యి పెట్టొద్దు. నీళ్ళు తిరగబెట్టగానే లేచి రావాలి, ఎందుకంటే మనం నిలుచున్న మెరక కన్నా ముందు వెనకున్న పల్లాలు నిండుతాయి.

భరత్‌పూర్‌ది సరిగ్గా తలకిందుల లెక్క. రేవు పక్కనే ఉన్న ఈ తీరం లోతు తక్కువ. ఆటులో వెళితే పగడాలు బయటపడి ఈతకి నీళ్ళే ఉండవు, అడుగున అద్దం ఉన్న పడవా కదలదు. పోటు వేళకి వెళ్ళాలి.

సాయంత్రం లక్ష్మణ్‌పూర్ తీరం. ఇక్కడ మన గడియారమే గానీ సూర్యుడు మనకన్నా బాగా ముందు. డిసెంబరులో ఐదింటికే అస్తమిస్తాడు. నాలుగింటికల్లా ఇసుకలో ఉండండి. చీకటి పడే వేళ ఇసుక ఈగలు కుడతాయి, ఆ దురద వారం వదలదు. కాళ్ళకి కొబ్బరి నూనె మందంగా రాసుకుంటే కొంత నయం. ఉదయం సీతాపూర్‌లో సూర్యోదయం, అలలు పెద్దవి గనక స్నానం ఆలోచన మానుకోవాలి.

చేతిలో నగదు ఉంచుకోండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకుని డబ్బు కట్టలేం. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు కాబట్టి విమానానికి ముందు ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. బజారులో తెలుగు మాటలూ వినిపిస్తాయి. ఏరుకున్న పగడపు ముక్కలు, చచ్చినవైనా సరే, తీరం మీదే వదిలేసి రండి, విమానాశ్రయం తనిఖీలో దొరికితే గొడవ.