టిక్కు పడని మందులు

జాంబియా రాజధాని లుసాకాలో మా మందుల షాపు కౌంటరు మీదకి రోజూ వచ్చే చీటీలు చాలావరకు ఒకేలా ఉంటాయి. సర్కారు ఆసుపత్రిలో రాసిచ్చిన నాలుగు మందులు, అందులో రెండింటి పక్కన పెన్నుతో టిక్కు. టిక్కు ఉన్నవి అక్కడే ఇచ్చారని. లేనివి బయట కొనుక్కోమని. ఆ టిక్కు పడని మందుల మీదే నేను బతుకుతున్నాను. మా ఊళ్ళో పాత పెంకుటింటికి స్లాబు పడిందంటే, చెల్లెలి పెళ్ళి అప్పు తీరిందంటే దాని చలవే. ఈ మాట ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎప్పుడూ చెప్పలేదు. ఏం చెబుతాం, ఇక్కడి ఆసుపత్రుల్లో మందులు అయిపోతే మనకి బేరాలు బాగుంటాయని చెబుతామా?

నేను వచ్చింది 2017 అక్టోబరు ఆఖర్లో. గుంటూరులో బీఫార్మసీ, జీడిమెట్లలో ఆరేళ్ళు ప్యాకింగ్ సెక్షను, ఆ తర్వాత తెలిసినాయన పిలిస్తే జాంబియా. కామ్వాలా అని ఇండియన్ల కొట్లు ఎక్కువగా ఉండే పేట. వెనక హోల్‌సేల్ గోడౌను, ముందు చిన్న మందుల షాపు. మనవాళ్ళని ఇక్కడ 'మ్వేన్యే' అంటారు. గౌరవం ఇవ్వాలంటే పేరుకి ముందు 'బా' చేరుస్తారు. మన 'గారు' లాంటిదే, కాకపోతే ముందొస్తుంది. వచ్చిన నెలకే నేను 'బా ఫార్మసీ' అయిపోయాను.

మొదటి నెలల్లో నాకు బాగా గుర్తున్నది మందులు కాదు, గోంగూర. షాపుకి ఎదురుగా పేవ్‌మెంటు మీద గోనెసంచీ పరుచుకుని ఒక పెద్దావిడ ఆకుకూరలు అమ్మేది. అందులో 'లుమాండా' అని మన గోంగూర జాతి ఆకు. వాళ్ళు వేరుశెనగ పొడి వేసి వండుకుంటారు, నేను పచ్చడి చేసుకునేవాణ్ణి. జనవరిలో ఒకరోజు పొద్దున షటరు తీస్తే ఆమె లేదు. ఆమె ఒక్కతే కాదు, వీధిలో బండ్లు, బుట్టలు, గోనెసంచీలు ఏవీ లేవు. మిలిటరీ వాళ్ళు పారలతో మురుగ్గుంటలు ఎత్తిపోస్తున్నారు. కలరా వచ్చిందని వీధి అమ్మకాలన్నీ ఆపేశారు. 2017 అక్టోబరులో మొదలై 2018 మే దాకా నడిచింది ఆ కలరా. దాదాపు ఆరువేల మందికి సోకింది, వందమందికి పైగా పోయారు.

కలరా అంటే అప్పటిదాకా నాకు మా నాయనమ్మ చెప్పే కథ. ఊరి చివర వేపచెట్టు, అమ్మవారు, రాత్రికి రాత్రి ఖాళీ అయిన వీధి. ఏటీఎమ్ ఎదురుగా నిలబడి ఆ మాట వింటానని అనుకోలేదు.

ఇక్కడ 'కాంపౌండ్' అంటే ప్రహరీ గోడ కాదు, బస్తీ. కన్యామా, చావామా, జార్జ్, మటేరో... ఊళ్ళో ఎక్కువమంది ఉండేది వీటిల్లోనే. లుసాకా కింద చాలాచోట్ల సున్నపురాయి, డోలమైటు. రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఆ రాయి నిండా పగుళ్ళు. కన్యామాలో మరుగుదొడ్డి గొయ్యి లోతుగా తవ్వలేరు కాబట్టి నేలమీద దిమ్మెలా కట్టి దానిమీద దొడ్డి లేపుతారు, మెట్లెక్కి పోవాలి. వానాకాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. గట్టి వాన పడిందంటే దొడ్లు పొంగుతాయి, ఆ నీళ్ళు పగుళ్ళలోంచి పక్కనున్న బావిలోకి పోతాయి. కార్పొరేషన్ కుళాయి దగ్గర బిందెకి ఇంత అని డబ్బు కట్టాలి, బావికి అక్కర్లేదు. ఇంతకన్నా పెద్ద శాస్త్రం ఏమీ లేదు ఇందులో. 1977 నుంచి ఈ దేశానికి కలరా వస్తూ పోతూనే ఉంది, ఎందుకొస్తుందో ఐదో క్లాసు పిల్లాడు కూడా చెబుతాడు. పైపులు, డ్రైనేజీ వేయడానికి డబ్బుండాలి. 2020 నవంబరులో జాంబియా బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. కోవిడ్ రోజుల్లో ఆఫ్రికాలో అలా అప్పు ఎగ్గొట్టిన మొదటి దేశం ఇదే. 2001లో నైజీరియాలోని అబుజాలో ఆఫ్రికా దేశాలన్నీ కూర్చుని బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని మాట ఇచ్చాయి. నేనున్న ఇన్నేళ్ళలో ఇక్కడ అది అందిన ఏడాది లేదు.

అలాగని అంతా అధ్వానమని రాస్తే అబద్ధమవుతుంది. నాకు మలేరియా వచ్చినప్పుడు పేట క్లినిక్‌లో వేలిమీద చుక్క రక్తం తీసి పావుగంటలో తేల్చేశారు, మాత్రలు చేతిలో పెట్టారు, పైసా తీసుకోలేదు. పెద్దవాళ్ళలో నూటికి పదకొండు మందికి హెచ్‌ఐవీ ఉన్న దేశమిది. వాళ్ళకి రోజుకొక మాత్ర ఉచితంగా అందుతుంది, ఆ మాత్రతో వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లల్ని పెంచుకుంటున్నారు. ఆ డబ్బాల మీద అక్షరాలు చదివితే నాకు నవ్వొస్తుంది: జడ్చర్ల, విశాఖపట్నం. 2022లో ఒక్కసారే పదకొండువేల మందికి పైగా నర్సుల్ని, వైద్య సిబ్బందిని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. చదువుకుని ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న నర్సులు మా వీధిలోనే ఇద్దరుండేవాళ్ళు. ఒకామె ఫోన్ రీఛార్జి బూత్ నడిపేది. ఆ నెల బూత్ మూసేసింది.

అసలు విషయం 2024 జనవరి.

కలరా అంతకుముందు అక్టోబరులోనే మొదలైంది. క్రిస్మస్ నాటికి ఎవరి అదుపులోనూ లేదు. ఫుట్‌బాల్ ఆడే నేషనల్ హీరోస్ స్టేడియాన్ని ఆసుపత్రి చేశారు. వరసగా మంచాలు, మంచం మధ్యలో కన్నం, కింద బకెట్టు. బళ్ళు జనవరి మొదట్లో తెరవాల్సింది ఫిబ్రవరికి జరిగాయి. రోజూ సాయంత్రం లెక్కలు వచ్చేవి: కొత్త కేసులు, మరణాలు, ఆ మరణాల్లో ఎన్ని 'బీఐడీ' అని. ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం పోయినవాళ్ళకి పెట్టిన పేరది. మా షాపులో అందరూ ఆ మూడక్షరాలు క్రికెట్ స్కోరులా వాడేసేవాళ్ళం. అంతా ముగిసేసరికి కేసులు 23 వేలు దాటాయి, చనిపోయినవాళ్ళు ఏడొందల పైచిలుకు.

గోడౌన్‌లో పెట్టెలు దించే కుర్రాడొకడు కన్యామాలో ఉంటాడు. బుధవారం రాలేదు. గురువారం మధ్యాహ్నం వచ్చి, ఏమీ చెప్పకుండా ట్రాలీ పట్టుకున్నాడు. అడిగితే 'అమాయి అకులు' పోయిందన్నాడు. అమ్మకి అక్క. మాటకి మాట పెడితే 'పెద్దమ్మ'. వీణ్ణి పెంచింది ఆవిడే.

రాత్రి పదింటికి మొదలైందట. బియ్యం కడిగిన నీళ్ళలా. ఒంటిగంటకి పిక్కలు పట్టేశాయి. స్టేడియానికి తీసుకెళదామంటే ఆవిడే వద్దంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారని కాంపౌండ్‌లో అందరూ అనుకుంటున్నారు. పోనీ టాక్సీ అంటే, కలరా మనిషిని ఎక్కించుకునేవాడు లేడు. పొద్దున ఆరింటికి తోపుడుబండి మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. దార్లోనే అయిపోయింది. ఆ సాయంత్రం లెక్కలో బీఐడీ దగ్గర ఉన్న అంకెలో ఒకటి ఆవిడ.

"ఓఆర్‌ఎస్ ఇచ్చారా?" అన్నాను.

"ఇంట్లో లేదు బాస్."

మేము నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో ఓఆర్‌ఎస్ పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. సోమవారం వాటిని దించింది వాడే. ఒక్కో ప్యాకెట్ ఖరీదు ఒక బన్ను ఖరీదు. నాకు నోట మాట రాలేదు. వాడు మాత్రం ఆ పెట్టెల వైపు చూడను కూడా చూడలేదు. అవి అమ్మే సరుకు, ఇంటికి పట్టుకెళ్ళేది కాదు. అలా నేర్పింది మేమే. గేటు దగ్గర రోజూ సంచీ తడిమి పంపిస్తాం.

ఇక్కడ చావింట్లో చుట్టాలంతా రోజుల తరబడి నేలమీద పరుపులు వేసుకుని అక్కడే పడుకుంటారు, వండుకుంటారు, పాడతారు. కలరా చావుకి అది లేదు. శవాన్ని ఇంటికివ్వలేదు, పూడ్చేటప్పుడు నలుగురైదుగురిని రానిచ్చారు. ఆదివారం పికప్ వేసుకుని వెళ్ళాను. వాకిట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరూ లేరు. దిమ్మె మీద దొడ్డి, దానికి పాతిక అడుగుల్లో టైరు పెట్టి కట్టిన బావి. బావి మీద మూత కొత్తది. ఇంటాయన నాకు కుర్చీ చూపించి, నీళ్ళ సీసా మూతలో క్లోరిన్ మందు కొలిచి డబ్బాలో పోశాడు, అరగంట ఆగాలని చెప్పాడు. అరగంట అయ్యేదాకా ఇద్దరం ఆ డబ్బాని చూస్తూ కూర్చున్నాం. ఆ మూత కొలత అందరికీ తెలుసు. సీసా అయిపోతే మళ్ళీ కొనడమే కుదరదు.

జనవరి నడిమధ్యలో టీకాలొచ్చాయి, దాదాపు 14 లక్షల డోసులు. నోట్లో పోసే టీకా. రెండు డోసులు వేయాల్సింది, ప్రపంచమంతా కొరతగా ఉందని 2022 అక్టోబరు నుంచి ఒక్కటే వేయమన్నారు. ఈ కొరత సంగతి చదువుతుంటే మన ఊరి పేరు తగిలింది. కలరా టీకా చవగ్గా చేసిన కంపెనీల్లో ఒకటి హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో పెట్టిన ఆ కంపెనీ గురించి మా కాలేజీలో పాఠంలా చెప్పేవాళ్ళు. 2009లో ఫ్రాన్సు కంపెనీ సనోఫీ కొనుక్కుంది. వాళ్ళ 'శాంకోల్' టీకాకి 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. 2022 ఆఖరుతో దాని తయారీ ఆపేసి, 2023 ఆఖరుతో సరఫరా కూడా ముగిస్తున్నామని ప్రకటించారు. అంటే సరిగ్గా లుసాకా స్టేడియంలో మంచాలు వేస్తున్న నెలలు. ఆ తర్వాత ప్రపంచ అత్యవసర నిల్వకి సరుకిచ్చేది కొరియా కంపెనీ ఒక్కటే మిగిలింది. బీదవాడి టీకాలో లాభం ఎంతుంటుందో ఈ వ్యాపారంలో ఉన్న నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టులో భారత్ బయోటెక్ 'హిల్‌కోల్' తెచ్చింది, మళ్ళీ హైదరాబాద్ నుంచే. అప్పటికి ఇక్కడ వానలు ఆగి, మంచాలు ఎత్తేశారు.

ఆ ఏడాది అక్టోబరులోనే విజయనగరం జిల్లా గుర్లలో అతిసారంతో జనం పోయారని వార్త వచ్చింది. తాగే నీళ్ళే కారణమన్నారు. మా కుర్రాడికి ఫోన్‌లో ఫోటో చూపించాను. స్కూలు బెంచీల మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కిస్తున్నారు. "మీ దగ్గర కూడానా బాస్?" అన్నాడు. మందులన్నీ వచ్చే దేశంలో ఇలా ఉంటుందని వాడు అనుకోలేదు.

2025 మేలో అమెరికా రాయబారి ప్రెస్ మీట్ పెట్టి, ఏడాదికి ఐదు కోట్ల డాలర్ల మందుల సాయం ఆపేస్తున్నామన్నాడు. ఉచితంగా పంచమని ఇచ్చిన మందుల్ని దొంగిలించి ప్రైవేటు షాపుల్లో అమ్ముతున్నారని, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదని. ఆ రోజు కామ్వాలాలో చాలామంది షాపులవాళ్ళు త్వరగా షటర్లు దించారు. నేను ఆ సరుకు ఎప్పుడూ ముట్టుకోలేదు. కానీ ఒకసారి ఒకతను బిల్లు లేకుండా మలేరియా మాత్రలు సగం ధరకి తెచ్చాడు. స్టిక్కరు గీకేసిన గుర్తులు అట్ట మీద కనిపిస్తూనే ఉన్నాయి. వద్దని పంపించాను. ఎవరికీ చెప్పలేదు. అతను పక్క వీధిలోకి తిరగడం చూశాను.

మొన్న అక్టోబరులో, వానలకి ముందు, మా కుర్రాడు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఓఆర్‌ఎస్ ఒక పెట్టె కావాలట, జీతంలో పట్టుకోమన్నాడు. ఇంట్లో ఒక్కళ్ళకి పెట్టె ఎందుకంటే, వాళ్ళ సందులో పదిహేడు ఇళ్ళున్నాయన్నాడు. సరేనన్నాను. మేము కొన్న ధరకే వేసి పుస్తకంలో రాశాను, రెండు నెలల్లో కోయమని. గేటు దగ్గర గార్డు ఆపుతాడని బిల్లు కూడా ఇచ్చాను.

రాత్రి ఫోన్‌లో అమ్మకి ఈ సంగతి చెప్పాను. "ఒక్క పెట్టే కదా నాన్నా, ఊరికే ఇచ్చేస్తే పోయేదిగా?" అంది.

నాకు ఆ మాట అప్పటిదాకా తట్టలేదు.