గొలుసు మాష్టారూ, రెండు సెంట్లూ

"మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి ఒక్క పేజీ రాయి, మించితే కత్తెర నా చేతిలో ఉంది" అని కమిటీ తరఫున రేడియోగాడు ఫోన్లో బెదిరించాడు. హాస్టల్ సాంబారు, బండోడి సైకిలు, వార్షికోత్సవంలో తెగిన తెర వగైరా మిగతావాళ్లు ఎలాగూ వదలరు. నాకు గొలుసు మాష్టారు చాలు.

తొమ్మిదిలో వైశాల్యాలు చెప్పాల్సిన రోజు ఆయన పుస్తకం మూసేసి, ఎక్కడో అడిగి తెచ్చిన సర్వే గొలుసు భుజాన వేసుకుని మనల్ని స్కూలు వెనక దిబ్బ మీదకి తోలుకుపోయారు. 66 అడుగులు, 100 లింకులు. పదేసి లింకులకో ఇత్తడి బిళ్ల, దాని పళ్లు తడిమి ఎన్నో పదో చెప్పేయొచ్చు. ముందు కొస పొట్టోడిది, వెనక కొస నాది. "బిగించి లాగండ్రా, గొలుసు కుంగితే లేని భూమి పుట్టుకొస్తాది!" అని ఒకటే కేకలు. వంకర దిబ్బని త్రిభుజాలుగా కోసి, లెక్కంతా లింకుల్లోనే కట్టించారు. వచ్చిన అంకెలో కుడినుంచి ఐదు స్థానాలు వదిలి చుక్క పెట్టమన్నారు. పెడితే ఎకరాలు! మూడు వదిలితే సెంట్లు.

మీరంతా ఐసు బండి మీద పడ్డారు గానీ నా బుర్ర మా పొలంలో ఉంది. నాగావళి పొంగినప్పుడల్లా జరిగే గట్టు మీద, రెండు సెంట్ల కోసం నాన్నా పెదనాన్నా మాటలు మానేశారు. రెండు సెంట్లంటే 2000 చదరపు లింకులు. దాన్ని కాగితం మీద తేల్చే సర్వేయరు ఉద్యోగం ఒకటుందని ఆ రోజే తెలిసింది.

ఫస్టు మార్కులోడు గొలుసు మోస్తానంటే అమ్మ ఏడ్చింది. రథసప్తమికి అరసవల్లిలో ఎదురై, "కొలిచేవోడు లేకపోతే పొలమున్నోడికి నిద్దరేదమ్మా?" అన్నారు మాష్టారు. ఆ మాటతో సగం మెత్తబడింది.

పాలిటెక్నిక్, ఉద్యోగం, పెళ్లి... అందరివీ ఒకటే కథ. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు వచ్చాయి. అయినా లింకుల్లో ఉన్న పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) ముందు పెడితే మా ఆఫీసు కుర్రాళ్లు నావైపే చూస్తారు. కొంచెం గర్వంగానే ఉంటుంది, దాచడం దేనికి!

ఇంతకీ ఆ రెండు సెంట్లు? ట్రైనింగు అవగానే కొలిచాను. పెదనాన్నవే. నాన్న కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత ఊళ్లో ఎవరికి గట్టు తగాదా వచ్చినా "మావోణ్ణి పిలవండి, సొంత తండ్రికే రాయి జరిపాడు" అని ఆయనే పంపడం మొదలెట్టారు.