అరవై ఒక్క ఏళ్లు డబ్బాలో ఉన్న రాత్రి

నిన్న రాత్రి నిద్ర పట్టక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాటలు విన్నాను. 1956 ఫిబ్రవరి 2న హాలీవుడ్‌లోని జార్డీస్ అనే నైట్‌క్లబ్‌లో పాడినవి. నిర్మాత నార్మన్ గ్రాంజ్ కొత్తగా పెట్టిన వర్వ్ రికార్డు కంపెనీ కోసం ఆ రాత్రి రికార్డు చేయించాడు. కొద్ది రోజులకే, కోల్ పోర్టర్ అనే రచయిత రాసిన పాటలతో ఆమె స్టూడియో ఆల్బమ్ మొదలైంది. ముందుగా అదే బయటికొచ్చింది, ఈ టేపులు మూలన పడ్డాయి. చివరికి ఆమె శతజయంతి ఏడాది 2017లో విడుదలయ్యాయి.

పియానో, బాస్, డ్రమ్స్, అంతే. వెనకాల జనం మాటలు, ఈ పాట పాడు, ఆ పాట పాడు అని కేకలు. చివర్లో ‘బెర్నీస్ ట్యూన్’ వస్తుంది. దానికి మాటలు రావు ఆమెకి. అయినా ఆగదు. నోటికొచ్చిన అక్షరాలతోనే స్వరం అల్లుకుంటూ పోతుంది, మన కచేరీల్లో స్వరకల్పన ఊపందుకున్నప్పటిలా. నాకు ఒళ్లు జలదరించింది.

అప్పటికి ఆమెకి ముప్పై ఎనిమిదేళ్లు. స్టూడియో రికార్డుల్లో ఆ గొంతు ఎంత బాగుంటుందో తెలుసు, కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. పాట అయ్యాక చప్పట్లు మొదలవగానే మళ్లీ వెనక్కి తిప్పాను. మూడుసార్లు.